కార్డ్‌లెస్ డ్రిల్ మిషన్ కొంటున్నారా? 70 శాతం డిస్కౌంట్ కంటే ముందు బ్యాటరీ చూడండి!

కొత్త ఇంట్లోకి దిగిన ప్రతి ఒక్కరికీ మొదటి వారంలోనే ఎదురయ్యే సమస్య ఇది. కర్టెన్ రాడ్డు బిగించాలి. గోడ గడియారం పెట్టాలి. కోతులు రాకుండా వంటింటి కిటికీకి జాలీ కొట్టాలి. నాలుగు హోల్స్ కోసం కార్పెంటర్‌కు ఫోన్ చేస్తే 'రేపొస్తా అన్నా' అంటాడు. ఆ రేపు ఎప్పుడొస్తదో ఎవరికీ తెల్వదు. సరిగ్గా అప్పుడే ఫోన్‌లో ఓ యాడ్ కనిపిస్తుంది. 'కార్డ్‌లెస్ డ్రిల్, 48 వోల్ట్, రెండు బ్యాటరీలు, 25 రకాల బిట్లు.. 70 శాతం తగ్గింపు.. ఇంకా 2 మాత్రమే మిగిలాయి!'

ఆర్డర్ బటన్ నొక్కే ముందు ఒక్క నిమిషం ఆగండి. కరీంనగర్ టవర్ సర్కిల్‌లో కొన్నా, ఆదిలాబాద్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా కార్డ్‌లెస్ మిషన్ల విషయంలో ఒకటే సూత్రం. మీరు డబ్బులు పెడుతున్నది మిషన్ మీద కంటే ఎక్కువగా బ్యాటరీ మీద. మోటారు ఏళ్ల తరబడి తిరుగుతుంది. ముందు పోయేది బ్యాటరీనే. అది పోయిన రోజు అదే రకం బ్యాటరీ దొరక్కపోతే మిగతా మిషన్ అంతా పాత సామాన్లోళ్లకు వేయాల్సిందే.

మరి మంచి డీల్‌ను ఎలా గుర్తుపట్టాలి? ఎక్కడ మోసపోతున్నాం? వివరంగా చూద్దాం.

ముందు మీ గోడ ఏంటో చూసుకోండి

చాలామంది చేసే మొదటి తప్పు.. పనేంటో తేల్చుకోకుండా మిషన్ కొనడం. చెక్కకు, ఇటుక గోడకు, కాంక్రీట్‌కు ఒకే మిషన్ సరిపోదు.

మంచం బోల్టులు, అల్మారా కబ్జాలు, స్విచ్ బోర్డు స్క్రూలు, జాలీ ఫ్రేములు.. ఇలాంటి పనులకు 12 వోల్ట్ డ్రిల్ డ్రైవర్ చాలు. చేతికి తేలిగ్గా ఉంటుంది. ఆదిలాబాద్ వైపు ఇళ్లలో టేకు తలుపులు, టేకు మంచాలు ఎక్కువ. వాటికీ ఇది సరిపోతుంది. కాకపోతే స్క్రూ దింపే ముందు సన్నటి హోల్ వేసుకోవాలి. లేదంటే స్క్రూ తల అరిగిపోతుంది.

ఇటుక గోడకు హామర్ ఫంక్షన్ ఉండాలి. దాన్నే కొన్ని కంపెనీలు ఇంపాక్ట్ డ్రిల్ అంటాయి. మోటారు తిరగడంతో పాటు బిట్ ముందుకు వెనక్కి కొట్టుకుంటుంది. 6 ఎంఎం, 8 ఎంఎం హోల్ వేసి ప్లాస్టిక్ గిట్టీ పెట్టేంత వరకు ఇబ్బంది లేదు.

అసలు చిక్కు కర్టెన్ రాడ్డు దగ్గరే వస్తుంది. కిటికీ పైన రాడ్డు బిగించే చోట లోపల ఉండేది ఇటుక కాదు, కాంక్రీట్ లింటెల్. చిన్న డ్రిల్ అక్కడ అర అంగుళం దిగి ఆగిపోతుంది. గట్టిగా నొక్కితే బిట్ ఎర్రబడుతుంది, మోటారు వేడెక్కుతుంది. 'మిషన్ డూప్లికేట్' అని షాపాయన మీద కోపం తెచ్చుకుంటాం గానీ నిజానికి అది ఆ పని మిషన్ కాదు. లింటెల్, పిల్లర్, స్లాబ్ లాంటి చోట్ల రోటరీ హామర్ కావాలి.

వంటింటి గ్రానైట్ సంగతి మరీ వేరు. ట్యాన్ బ్రౌన్ గ్రానైట్‌కు పేరున్న ఊరు కరీంనగర్. ఇక్కడి ఇళ్లలో ప్లాట్‌ఫామ్ నుంచి మెట్ల వరకు గ్రానైటే. దానికి డైమండ్ బిట్, నీళ్లు, ఓపిక కావాలి. ఇంటి డ్రిల్‌తో ప్రయోగాలు చేస్తే బండ పగులుతుంది.

ఇంకో మాట. ఇంపాక్ట్ డ్రిల్, ఇంపాక్ట్ డ్రైవర్ రెండూ ఒకటి కాదు. డ్రైవర్ అనేది స్క్రూలు, బోల్టులు బిగించడానికి మాత్రమే. గోడకు హోల్ వేద్దామని పేరు చూసి ఇంపాక్ట్ డ్రైవర్ ఆర్డర్ పెట్టేవాళ్లు ఉన్నారు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఫొటో చూసి సరిపెట్టుకోవద్దు, పేరు పూర్తిగా చదవండి.

18 వోల్ట్, 20 వోల్ట్.. తేడా ఎంత?

షాపులో ఒకటి 18 వోల్ట్, పక్కన ఇంకోటి 20 వోల్ట్ మ్యాక్స్ అని ఉంటాయి. రెండోదే పవర్‌ఫుల్ అనుకుంటాం. అసలు విషయం ఏంటంటే రెండూ ఒకటే!

లిథియం అయాన్ సెల్ ఒక్కోటి సగటున 3.6 వోల్ట్ ఇస్తుంది. ఐదు సెల్స్ వరసగా కలిపితే 18 వోల్ట్. అదే బ్యాటరీ ఫుల్ చార్జ్ అయిన కొత్తలో 20 దాటి చూపిస్తుంది. డీవాల్ట్ కంపెనీ అమెరికాలో 20 వోల్ట్ మ్యాక్స్ అని అమ్మే సిరీస్‌నే యూరప్‌లో 18 వోల్ట్ అని అమ్ముతుంది. 12 వోల్ట్ కూడా అంతే. మూడు సెల్స్, లెక్క ప్రకారం 10.8 వోల్ట్. బాష్ తన 10.8 వోల్ట్ మిషన్లకే తర్వాత 12 వోల్ట్ అని పేరు మార్చింది. ఇందులో మోసమేమీ లేదు, లెక్కపెట్టే తీరు వేరు.

తేడా వచ్చేది పేరు లేని బ్రాండ్ల దగ్గర. 48 వోల్ట్, 88 అని, 128 అని డబ్బా మీద పెద్ద అంకెలు వేస్తారు. నిజంగా 48 వోల్ట్ రావాలంటే కనీసం డజను సెల్స్ వరసగా ఉండాలి. అరచేతిలో పట్టే బ్యాటరీలో అన్ని సెల్స్‌కు చోటెక్కడిది?

దీన్ని కనిపెట్టడానికి చిన్న ట్రిక్ ఉంది. ఇలాంటి మిషన్ల చార్జర్‌ను తిప్పి, వెనక అవుట్‌పుట్ ఎంత రాసి ఉందో చూడండి. 21 వోల్ట్ అని ఉంటే లోపల ఐదు సెల్స్, అంటే అది 18 వోల్ట్ మిషనే. 12.6 వోల్ట్ అని ఉంటే మూడు సెల్స్, అంటే 12 వోల్ట్ మిషన్. డబ్బా మీద ఎంత రాసుకున్నా చార్జర్ మాత్రం నిజం చెప్పేస్తుంది.

డీల్ లెక్క ఇలా వేయండి

బ్యాటరీ మీద వోల్ట్‌తో పాటు ఆంపియర్ అవర్ అని ఇంకో అంకె ఉంటుంది. 1.5, 2, 4 అలా. రెండింటినీ గుణిస్తే వాట్ అవర్ వస్తుంది. బండికి ట్యాంకు ఎంతో మిషన్‌కు ఇది అంత. 18 వోల్ట్, 2 ఆంపియర్ అవర్ అంటే 36 వాట్ అవర్.

ఇప్పుడు మూడు ఆఫర్లు ఉన్నాయనుకుందాం. కింది ధరలు లెక్క కోసం వేసుకున్నవే.

ఆఫర్ 1: పేరున్న కంపెనీ 18 వోల్ట్ డ్రిల్, 1.5 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఒకటి, చార్జర్. ధర రూ.4,500. ట్యాంకు 27 వాట్ అవర్. అంటే వాట్ అవర్‌కు సుమారు రూ.167.

ఆఫర్ 2: అదే డ్రిల్, 2 ఆంపియర్ అవర్ బ్యాటరీలు రెండు, చార్జర్. ధర రూ.7,000. మొత్తం 72 వాట్ అవర్. అంటే సుమారు రూ.97.

ఆఫర్ 3: ఎప్పుడూ వినని పేరు, '48 వోల్ట్', రెండు బ్యాటరీలు, 25 బిట్లు. ధర రూ.2,200. చార్జర్ చూస్తే 21 వోల్ట్. బ్యాటరీ 1.5 ఆంపియర్ అవర్ అనుకుంటే మొత్తం 54 వాట్ అవర్. అంటే సుమారు రూ.41.

లెక్క చూస్తే మూడోదే చీప్. మరి అదే కొనేయాలా? ఇక్కడే రెండో ప్రశ్న వేసుకోవాలి. రెండేళ్ల తర్వాత బ్యాటరీ పోతే ఎక్కడ దొరుకుతుంది? ఆ సెల్లర్ పేరు అప్పటికి యాప్‌లో ఉంటుందా? చార్జర్ కాలిపోతే ఎవరిస్తారు? జవాబు లేదంటే రూ.2,200 పెట్టి వాడిపారేసే వస్తువు కొంటున్నట్టు. ఏడాదికి నాలుగు స్క్రూలు బిగించేవాళ్లు ఆ సంగతి తెలిసి కొంటే తప్పులేదు. పదేళ్ల వస్తువు అనుకుని కొంటేనే దెబ్బ.

మొదటిదా, రెండోదా అంటే మీ పని బట్టి. నెలకోసారి కూడా డ్రిల్ పట్టని ఇంటికి రెండో బ్యాటరీ దండగే. వాడినా వాడకపోయినా లిథియం బ్యాటరీకి వయసు మీద పడుతుంది. బీరువాలో పెట్టిన బ్యాటరీ కూడా ముసలిదవుతుంది. కొత్త ఇల్లు సర్దుకుంటున్నవాళ్లకు, షెడ్డు కట్టుకుంటున్నవాళ్లకు మాత్రం ఒకటి చార్జింగ్‌లో ఉంటే ఇంకోటి పనిచేయాలి. వాళ్లకు రెండో ఆఫరే లాభం.

ఆంపియర్ అవర్ అంకెను కూడా గుడ్డిగా నమ్మొద్దు. ఈ బ్యాటరీల్లో ఎక్కువగా వాడేది 18650 రకం సెల్. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. అందులో మేలు రకానికే 3.5 ఆంపియర్ అవర్ దగ్గర హద్దు. ఐదు సెల్స్ పట్టే చిన్న ప్యాక్ మీద 6 అని, 8 అని రాసి ఉంటే అనుమానించాల్సిందే.

ఫొటోలో బ్యాటరీ ఉంది.. బాక్సులో లేదు!

ఆన్‌లైన్‌లో పేరున్న కంపెనీ డ్రిల్ సగం ధరకే కనిపించిందా? కింద 'సోలో', 'బేర్ టూల్', 'బాడీ ఓన్లీ' అని చిన్న అక్షరాల్లో ఉందేమో చూడండి. అంటే మిషన్ మాత్రమే ఇస్తారు. బ్యాటరీ, చార్జర్ విడిగా కొనుక్కోవాలి. మొదటిసారి కొనేవాళ్లకు ఇది నష్టం.

ఇప్పటికే ఆ కంపెనీ బ్యాటరీ ఉన్నవాళ్లకు మాత్రం ఇదే బెస్ట్ డీల్. ఒకే బ్యాటరీతో డ్రిల్, కూలర్ దుమ్ము కొట్టే బ్లోయర్, చెక్క కోసే రంపం అన్నీ నడుస్తాయి. అందుకే మొదటి మిషన్ కొనేటప్పుడే ఆ కంపెనీ బ్యాటరీతో ఇంకేమేం నడుస్తాయో చూసుకోవాలి. ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ మిషన్‌కు పట్టదు. ఒక్కోసారి ఒకే కంపెనీలో కూడా పట్టదు. బాష్‌లో నీలం రంగు మిషన్ల 18 వోల్ట్ బ్యాటరీ, ఆకుపచ్చ రంగు మిషన్లకు పనిచేయదు.

'బిల్లు కావాల్నా అన్నా? జీఎస్టీ ఎక్స్‌ట్రా పడ్తది'

షాపుల్లో తరచూ వినపడే మాట ఇది. కరెంటుతో, బ్యాటరీతో నడిచే చేతి మిషన్లకు జీఎస్టీ 18 శాతం. బిల్లు వద్దంటే ఆ మేరకు తగ్గిస్తామంటారు. ఐదారు వందలు మిగిలినట్టే అనిపిస్తుంది.

కానీ డబ్బా మీద ఉండే ఎమ్మార్పీలో అన్ని పన్నులూ కలిసే ఉంటాయి. ఎమ్మార్పీ దాటి తీసుకోవడం నేరం. ఇక బిల్లు లేకుండా కొంటే పోయేది వారంటీ. బిల్లు మీద మోడల్ పేరు, సీరియల్ నంబర్, తేదీ ఉంటేనే సర్వీస్ సెంటర్‌లో పని జరుగుతుంది. ఐదొందల కోసం ఐదు వేల వస్తువుకు దిక్కు లేకుండా చేసుకోవడం ఏ లెక్కన బేరం?

బేరం ఆడాల్సింది బిల్లు మీద కాదు. 'రేటు అంతే ఉండనీ, బిట్ల సెట్టు కలిపియ్యి', 'రెండో బ్యాటరీ తీసుకుంటే ఎంతకిస్తవ్' అని అడగండి. అక్కడ షాపాయనకూ తగ్గించే వీలుంటుంది.

వారంటీ కార్డును కూడా చదవండి. మిషన్‌కు ఒక గడువు, బ్యాటరీకి, చార్జర్‌కు వేరే గడువు పెట్టే కంపెనీలు ఉన్నాయి. కొన్నింటికి కొన్నాక ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకుంటేనే అదనపు వారంటీ వస్తుంది. కొనే ముందే కంపెనీ వెబ్‌సైట్‌లో సర్వీస్ సెంటర్ల పేజీ తెరిచి, కరీంనగర్ వాళ్లు 505001, ఆదిలాబాద్ వాళ్లు 504001 పిన్‌కోడ్ కొట్టి చూడండి. దగ్గర్లో సెంటర్ లేదంటే రిపేరుకు హైదరాబాద్ పంపాల్సిందే. ఆ ఖర్చు, ఆ రోజులు కూడా డీల్‌లో భాగమే.

హైదరాబాద్ పోతే చీప్ వస్తదా?

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో మిషన్లు, హార్డ్‌వేర్ షాపులు వరసగా ఉంటాయి. కోఠి దగ్గరి ట్రూప్ బజార్ ఎలక్ట్రికల్ సామాన్లకు పేరు. అక్కడ మోడళ్లు ఎక్కువ, రేట్లూ పోల్చుకోవచ్చు. అయితే కరీంనగర్ నుంచి హైదరాబాద్ 160 కిలోమీటర్ల పైనే. ఆదిలాబాద్ నుంచి దాదాపు 300. ఒక్క డ్రిల్ కోసం ప్రత్యేకంగా వెళ్తే మిగిలింది కాస్తా చార్జీలకే పోతుంది. వేరే పని మీద వెళ్లినప్పుడు చూసుకుంటేనే లాభం. పైగా ఏదైనా తేడా వస్తే లోకల్ షాపుకు సాయంత్రమే తీసుకెళ్లొచ్చు, రాణిగంజ్‌కు మళ్లీ ఒకరోజు పెట్టుకోవాలి.

లోకల్ షాపులో ఇంకో సౌకర్యం ఉంది. చేతిలో పట్టుకుని చూడొచ్చు. బ్యాటరీ పెట్టించి ఆన్ చేయించండి. స్పీడ్ తగ్గించి పెంచి చూడండి. బిట్ పట్టే చక్ వంకర తిరుగుతోందేమో గమనించండి. డబ్బా మీద తయారీ నెల, సంవత్సరం తప్పకుండా చూడండి. క్లియరెన్స్ సేల్ పేరుతో మూడేళ్లు అరలో కూర్చున్న సరుకు అంటగట్టే ప్రమాదం ఉంది. మోటారుకు ఏమీ కాదు గానీ బ్యాటరీ అప్పటికే సగం ముసలిది.

ఆఫర్ నిజమా, నాటకమా?

ఆన్‌లైన్‌లో పెద్ద సేల్స్ దసరా, దీపావళి సీజన్‌లో వస్తాయి. జనవరి 26, ఆగస్టు 15 చుట్టూ కూడా ఉంటాయి. దసరాకు పనిముట్లకు పూజ చేసే అలవాటు మనది కాబట్టి లోకల్ షాపులూ అప్పుడే ఆఫర్లు పెడతాయి. తొందర లేనివాళ్లు ఆ సీజన్ దాకా ఆగొచ్చు.

అయితే '70 శాతం తగ్గింపు' అన్నది ఎమ్మార్పీ మీద. ఆ ఎమ్మార్పీకి ఎవరూ ఎప్పుడూ అమ్మలేదు. చూడాల్సింది గత మూడు నాలుగు నెలల్లో ఆ వస్తువు ఎంతకు అమ్ముడైందన్నది. అమెజాన్ ధరల చరిత్రను కీపా లాంటి టూల్స్ గ్రాఫ్‌లా చూపిస్తాయి. అదీ వద్దనుకుంటే సేల్‌కు నెల ముందు ధరను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. సేల్ రోజు పక్కపక్కన పెడితే బండారం బయటపడుతుంది.

నో కాస్ట్ ఈఎంఐ అన్నా ప్రాసెసింగ్ ఫీజు ఉందేమో చూడండి. వడ్డీ మీద జీఎస్టీ కూడా పడుతుంది.

'ఇంకా 2 మాత్రమే', '10 నిమిషాల్లో ఆఫర్ క్లోజ్' అని అబద్ధపు తొందర పెట్టడాన్ని కేంద్ర ప్రభుత్వం డార్క్ ప్యాటర్న్‌గా గుర్తించింది. 2023 నవంబర్ 30న నోటిఫై చేసిన మార్గదర్శకాల్లో ఇలాంటివి 13 రకాలు ఉన్నాయి. అడక్కుండా కార్ట్‌లో వేరే వస్తువు కలపడం, చివర్లో కొత్త చార్జీలు చూపించడం కూడా ఆ లిస్టులోవే.

ఎండాకాలం చార్జింగ్.. జాగ్రత్త

మన దగ్గర బ్యాటరీకి ఇంకో శత్రువు ఉంది. అది ఎండ. మే నెలలో ఆదిలాబాద్, జగిత్యాల, రామగుండం వైపు 45 డిగ్రీలు కొత్త కాదు. చాలా కంపెనీలు 40, 45 డిగ్రీలు దాటిన చోట బ్యాటరీ చార్జ్ చేయొద్దనే చెబుతాయి. రేకుల షెడ్డులో, ఎండలో నిలబెట్టిన కారులో బ్యాటరీ వదిలేస్తే వారంటీలోపే నీరసపడుతుంది. పని ఆపగానే వేడి మీద చార్జింగ్ పెట్టొద్దు, చల్లారనివ్వండి. ఆదిలాబాద్ చలికాలంలో పొద్దున్నే బ్యాటరీ తొందరగా దిగిపోతే కంగారుపడొద్దు. చలికి అలాగే ఉంటుంది, కాసేపు ఇంట్లో పెడితే సర్దుకుంటుంది.

నెలల తరబడి వాడనప్పుడు ఫుల్ చార్జ్‌తోనో, పూర్తిగా దించేసో పెట్టకండి. సగం చార్జ్‌లో, చల్లటి చోట పెట్టండి. రాత్రంతా మంచం పక్కన చార్జింగ్ పెట్టి పడుకోవద్దు. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ వాడొద్దు, చెత్తబండిలో వేయొద్దు. పాత బ్యాటరీలను వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించే బాధ్యత కంపెనీలదేనని 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి.

బ్యాటరీ మీద బీఐఎస్ గుర్తు, ఐఎస్ 16046 అనే అంకె, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్నాయా చూడండి. ఆ నంబర్‌ను బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీదో తెలుస్తుంది. ఏమీ రాలేదంటే ఆ డీల్ వదిలేయడమే మేలు.

అసలు కొనాలా?

ఇది కూడా అడగాల్సిన ప్రశ్నే. పనంతా ఇంట్లో ప్లగ్ పక్కనే అయితే వైరు డ్రిల్ తక్కువ ధరకే వస్తుంది. బలం ఎక్కువ, బ్యాటరీ బాధ ఉండదు. లింటెల్‌కు నాలుగు హోల్సే అయితే రోటరీ హామర్ కొనడం ఎందుకు? మిషన్లు కిరాయికి ఇచ్చే షాపు దగ్గర్లో ఉంటే ఒకరోజుకు తెచ్చుకుంటే సరి. అపార్ట్‌మెంట్‌లో నలుగురు కలిసి ఒకటి కొనుక్కున్నా నష్టం లేదు.

మోసపోతే ఎవరికి చెప్పాలి?

ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం సెల్లర్ వివరాలు, వస్తువు ఏ దేశంలో తయారైందో యాప్‌లో చూపించాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అక్కడ పని కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం ఢిల్లీ సెల్లర్ దగ్గర కొన్నా, మీరుండే చోటే కేసు వేయొచ్చు. వస్తువుకు చెల్లించింది రూ.5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. బిల్లు, స్క్రీన్‌షాట్లు మాత్రం దాచిపెట్టుకోండి.

షాపులో నిలబడి చూసుకోవాల్సిన లిస్టు

- పని చెక్క మీదా, ఇటుక మీదా, కాంక్రీట్ మీదా?
- బాక్సులో బ్యాటరీ, చార్జర్ ఉన్నాయా? ఎన్ని?
- వోల్ట్‌ను ఆంపియర్ అవర్‌తో గుణిస్తే ఎంత?
- తయారీ తేదీ ఎప్పటిది?
- విడి బ్యాటరీ ఇప్పుడు కొంటే ఎంత? మన ఊళ్లో దొరుకుతుందా?
- బీఐఎస్ నంబర్ ఉందా?
- సీరియల్ నంబర్‌తో బిల్లు ఇస్తున్నారా?

వీటిలో ఐదో ప్రశ్న షాపాయనను గట్టిగా అడగండి. 'విడి బ్యాటరీ ఉంది, రేటు ఇంత' అని వెంటనే చూపిస్తే ఆ మిషన్ చాలా ఏళ్లు మీ ఇంట్లో పనిచేసే అవకాశం ఉంది. 'అదెందుకన్నా, ఖరాబ్ కాదు' అంటే మాత్రం ఇంకో షాపు చూసుకోవడమే బెటర్.